బండి ముందా, నేర్చుడు ముందా?

దసరా దగ్గర పడుతుందంటే జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ షోరూముల ముందు షామియానాలు లేస్తాయి. ఆ వెనకే పత్తి పైసలు, ఎండాకాలానికి మిర్చి పైసలు. భూపాలపల్లిలో సింగరేణి జీతమున్న ఇళ్లకు సీజన్‌తో పని లేదు. పిలగాడికి మొదటి బండి కొందామని ఇంటిల్లిపాది కూర్చుంటే నాయిన మైలేజీ అడుగుతాడు, కొడుకు సీసీ అడుగుతాడు, అమ్మ కిస్తీ ఎంతని అడుగుతుంది. నేర్పేదెవరని మాత్రం ఎవరూ అడగరు. బండి ఇంటికొచ్చి, కురవి వీరన్న గుడి దగ్గర పూజ అయ్యి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాకే నేర్చుకోవడం మొదలు. కారు నేర్పడానికి డ్రైవింగ్ స్కూళ్లున్నాయి. బైకుకు మాత్రం ఊరి బడి గ్రౌండే శిక్షణ కేంద్రం, బావే మాస్టారు.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాల చోటికి వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో పడ్డవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, దోస్తుల దగ్గరో నేర్చుకున్నవారే. సగానికి పైగా ఆ బండి ఎక్కి ఐదు నెలలైనా నిండనివారు. ఇంకో బండి మీద ఎంత చెయ్యి తిరిగినా కొత్త బండికి మళ్లీ కొత్తవాళ్లమే.

గేరు సంగతే చూడండి. నాయిన స్ప్లెండర్‌కు నాలుగు గేర్లూ ముందుకు తొక్కేవే. పల్సర్‌కు ఒకటో గేరు కిందికి, మిగతావి పైకి. స్ప్లెండర్ మీద కాలు అలవాటైన పిలగాడు పల్సర్ ఎక్కి, అరవై స్పీడులో గేరు పెంచుదామని తొక్కాడనుకోండి. పెరగాల్సిన గేరు తగ్గుతుంది, ఇంజిన్ గుర్రుమంటుంది, వెనక చక్రం ఎవరో పట్టి గుంజినట్టు ఆగబోతుంది. అందుకే కొత్త బండి తెచ్చిన మొదటి వారం హైవే మొహం చూడకపోవడం మంచిది.

ఇక ఏ బండి? నన్నడిగితే ముందు బరువు చూడమంటాను. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, బుల్లెట్టు లాంటి క్లాసిక్ 350 బండి 195. షోరూములో సెంటర్ స్టాండు మీదున్నప్పుడు రెండూ తేలికే. కంకర రోడ్డు మీద పక్కకు ఒరిగినప్పుడు తెలుస్తుంది తేడా. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనాలి, పడ్డ బండిని ఒక్కరే లేపగలగాలి. తండా నుంచి కేసముద్రం మార్కెట్‌కు ఆ బండి మీదే బస్తా వెళ్తుంది, వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది కాబట్టి చీర గార్డు, పట్టుకునే హ్యాండిల్ కూడా చూసుకోవాలి. మొదటి బండికి 100 నుంచి 125 సీసీ దాటనక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. చక్రం పట్టేయకుండా కాపాడే మంచి ఏర్పాటే, కానీ దాని కోసమని కొత్త చేతికి 200 సీసీ ఇస్తే లాభం కన్నా ముప్పే ఎక్కువ. కొడుకు అలిగినా సరే, రెండేళ్లు ఆగమనండి.

'ముందు బ్రేకు పట్టకురా, పల్టీ కొడతవ్' అనే సలహా వినని ఊరుండదు. అది సగమే నిజం. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి, పొడి రోడ్డు మీద తిన్నగా పోతున్నప్పుడు బండిని ఆపే బలంలో ఎక్కువ వాటా దానిదే. మలుపులోనో ఇసుక మీదో గుప్పున పట్టేస్తేనే ప్రమాదం. గ్రౌండులో సున్నంతో గీత గీసి, ముప్పై స్పీడులో వచ్చి, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పిండుతూ గీత దగ్గర ఆగడం చేతికి రావాలి. అరవై స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి కదిలేలోపే ఆ దూరం అయిపోతుంది. స్పీడు రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది.

గ్రౌండు దాటాక మన రోడ్లు వేరే పాఠం చెప్తాయి. జనగామ మీదుగా పోయే 163వ జాతీయ రహదారి మీద యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండ్లుంటాయి. పరకాల నుంచి భూపాలపల్లి మీదుగా కాటారం వైపు పోతే బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు. వాటి అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడకపోతే, మీరూ ఆయనకు కనపడనట్టే. మలుపుల్లో రాలిన ఇసుకా తక్కువది కాదు. 2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారింది రోడ్డు మీది మట్టి వల్లేనని అప్పట్లో పోలీసులు చెప్పారు. తన ప్రాణం నిలిపింది హెల్మెట్టేనని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

మహబూబాబాద్ పల్లె రోడ్లకు వడ్లది ఇంకో కథ. కోతలైతే సగం రోడ్డు కల్లమైపోతుంది. వడ్ల మీద టైరుకు పట్టు దొరకదు. రాత్రయితే కుప్పల మీద నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. హెడ్‌లైటు వెలుగులో ఆ పరదా రోడ్డు రంగులో కలిసిపోతుంది, రాయి కనపడేసరికి చక్రం దాన్ని ఎక్కేసి ఉంటుంది. ఆరబోసే రైతుకు వేరే చోటు లేదు, నిజమే. రోడ్ల పక్కన కల్లాలు కట్టించనిదే ఈ గండం పోదు. అప్పటిదాకా కోతల నెలల్లో చీకటి పడ్డాక కొత్తవాళ్లు బయల్దేరకపోవడమే మేలు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీదివారు. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. కాబట్టి ఒకటి కాదు, రెండు హెల్మెట్లు కొనండి. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, షోరూములో అడిగి తీసుకోండి. ఐఎస్ 4151, ఐఎస్ఐ గుర్తు చూడండి. గడ్డం కింద బకిల్ పెట్టుకోకపోతే హెల్మెట్ తల మీద ఉన్నా లేనట్టే.

18 నిండనిదే గేరు బండికి లర్నింగ్ లైసెన్స్ రాదు. మైనర్ బండి నడిపితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు.

లర్నింగ్ తీసుకున్నాక పర్మనెంట్ లైసెన్స్‌కు 30 రోజులు ఆగాలి. ఈ దసరాకు బండి కొనే ఆలోచన ఉంటే వినాయక చవితికి ముందే లర్నింగ్ స్లాట్ బుక్ చేసుకోండి. ఆ నెల రోజులూ పిల్లవాణ్ని పాత స్ప్లెండర్ మీద, ఎల్ బోర్డుతో, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టి గ్రౌండులో తిప్పండి. షోరూముకు ఆ తర్వాత వెళ్లినా బండ్లు ఎక్కడికీ పోవు.