రేపటి దిగులు సుగ్గి కూలీని తినేస్తున్నది

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ‘సుగ్గి’ అంటే ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. కన్నడంలో అది పంట కోతల సంబరం. మన కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం పల్లెల్లో మాత్రం ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకో, బెంగుళూరు బిల్డింగు పనులకో బయలుదేరే కాలం. ఆదోని మార్కెట్టులో పత్తి కొనుగోళ్లు సాగుతుండగానే ఆ పత్తి తీసిన చేతులు ఊరు విడిచిపోతాయి. వెనక ముసలివాళ్లు మిగులుతారు, కొందరు పిల్లలు మిగులుతారు.

ఈ వలస గురించి వార్తలు చాలా వచ్చాయి. బయలుదేరక ముందు నెలరోజుల రాత్రుల గురించి రాసినవారు తక్కువ. “మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడో లేదో, ఈయేడు మిరప కాపు ఎట్లుంటాదో, పిల్లదాన్ని యాడ ఇడిసిపోవల్ల, అప్పులోడు మళ్లొస్తే ఏం చెప్పల్ల?” ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తుంది. తెల్లవారేదాకా కన్ను మూతపడదు. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది. తెల్లారితే ఆర్.ఎం.పి. దగ్గరకు పోయి గ్లూకోజు సీసా ఎక్కించుకుంటారు. రోజు కూలీ పోయె, సీసాకు డబ్బూ పోయె, దిగులు మాత్రం అక్కడే వుంటుంది. కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటారు. మగవాళ్లు చాలామంది మందు తాగి నిద్ర తెచ్చుకుంటారు. ఆ నిద్ర నిలిచేది కాదు. మత్తు దిగినాక దడ ఇంకా పెరుగుతుంది.

ఇది పిరికితనమా? కాదు. ఈ నేల మీద రేపటిని గూర్చి భయపడటానికి కారణాలు వున్నాయి. 1876-78 ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊళ్లకు ఊళ్లుగా ఊడ్చింది. వాన మీదనే బతికే మెట్ట చేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ ఇవాళ్టికీ వున్నవే. ఆ వడ్డీకి 50 వేలు తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18 వేలు. అసలు అలాగే కూర్చుని వుంటుంది. ఈ లెక్క తెలిసినవాడికి నిద్ర పట్టకపోవడంలో వింత ఏమున్నది?

జాతీయ నేర నమోదు సంస్థ 2014 నుంచి రైతుల ఆత్మహత్యలనూ వ్యవసాయ కూలీల ఆత్మహత్యలనూ వేరువేరుగా లెక్కిస్తున్నది. 2023లో దేశంలో రైతులు 4,690 మంది, కూలీలు 6,096 మంది. రైతు చావు కనీసం పత్రికకు ఎక్కుతుంది. సెంటు భూమి లేని కూలీ చావు ‘కుటుంబ కలహాలు’ అనే పద్దులో పడిపోతుంది.

ఇక్కడ మన కార్యకర్తలతో ఒక మాట. దిగులుపడిన మనిషి దగ్గరకు పోయి “ధైర్యంగా వుండప్పా, పోరాడితే అన్నీ తీరతాయి” అని చెప్పి లేచి వచ్చేవారు మనలో తక్కువేం కాదు. రెండు నెలలుగా నిద్రలేనివాడు మీటింగుకే రాలేడు, ఇక పోరాటం ఎట్లా చేస్తాడు? అలాగే, అప్పు సంగతి అడగకుండా మాత్రలు మాత్రం రాసిచ్చే వైద్యమూ సగం వైద్యమే. దిగులులో ఒక భాగం అప్పు పద్దులోది. ఇంకో భాగం రాత్రి ఒంటరితనం కలిపినది. రెండింటినీ విడదీయాలి. మొదటిదానికి సంఘం కావాలి, రెండవదానికి తోడు, అవసరమైతే డాక్టరూ కావాలి.

ఇదేమీ పరదేశపు ముచ్చట కాదు. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారిలోనే 1980ల మధ్యలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ఒక పని చేసి చూపించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేటట్టు చేశారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. మన పక్కింట్లో పుట్టిన పద్ధతి మన పల్లె ఆసుపత్రిలో ఎందుకు కనబడదో సంఘాలు గట్టిగా అడగవలసివున్నది.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో షోనా భాష మాట్లాడే జనం ఈ జబ్బును ‘కుఫుంగిసిసా’ అంటారు. అంటే ఆలోచన మితిమీరడం. మనవాళ్లూ “ఆలోచన ఎక్కువైంది” అనే గదా అంటారు. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు హరారే నగరపు పేదవాడలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టాడు. అవ్వ ముందు అంతా వింటుంది. వున్న కష్టాల్లో ఒకటి ఏరుకోమంటుంది. దానికి ఈ వారం చేయగలిగింది ఏమిటో వచ్చినవారి చేతనే చెప్పించి, మళ్లీ రమ్మంటుంది. ఇది నిజంగా పనిచేస్తుందని 2016లో అచ్చయిన పరిశోధన తేల్చింది.

మన రచ్చకట్టకు, మన అరుగుకు ఇది చేతగాదా? సుగ్గికి పోయే ఒక కుటుంబాన్ని అనుకుందాం. వాన, మిరప ధర వాళ్ల చేతిలో లేవు, పక్కన పెట్టాలి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, కూలి రేటు ఎంత అనేది కాగితం మీద రాయించి ఇద్దరి చేత సంతకం పెట్టించడం చేతిలో వున్నది. పిల్లదాన్ని సీజనల్ హాస్టలులో చేర్చమని బడిలో ముందే అడగటం చేతిలో వున్నది. అప్పులన్నీ వరసగా రాసి, ఏది ముందు తీర్చాలో పదిమందిలో ఆలోచించడం చేతిలో వున్నది. రాస్తే అప్పు తగ్గదు. కాని చీకట్లో కొండంత కనిపించినది పగలు ఒక అంకె అవుతుంది. దిగులు మాటలు సందేళ ఒక గంట, మనుషుల మధ్య మాట్లాడుకోవాలి. అర్ధరాత్రి అవి వస్తే “రేపు సందేళకు” అని వాయిదా వేయడం కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. దడ పుట్టినప్పుడు ఊపిరి పీల్చినదానికంటే నిదానంగా వదలాలి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిపడకపోతే డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా పైసా ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు మాట నోట వచ్చిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుల మందు డబ్బాను ఆ ఇంట్లో నుంచి తీసి వేరేచోట తాళంలో పెట్టాలి. శ్రీలంకలో 1995 నుంచి ప్రాణాంతక మందులను నిషేధించుకుంటూ పోతే, పదేళ్లలో ఆత్మహత్యలు సగానికి పడిపోయాయి.

పోలీసు కేసవుతుందని జంకి ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకుపోయేవాళ్లు ఇంకా వున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టు లెక్క. శిక్షించడానికి లేదు. వైద్యం, ఆదరణ చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.