బషీర్ ముచ్చట్లు

1925లో, గుడి వీధుల్లో అన్ని కులాలవారినీ నడవనివ్వాలంటూ కేరళలోని వైకోంలో సత్యాగ్రహం నడుస్తుండగా గాంధీజీ ఆ ఊరికి వచ్చారు. జనంలోంచి దూసుకెళ్లిన ఒక బడిపిల్లవాడు ఆయన్ని తాకి, ఇంటికి పరుగెత్తి, గాంధీని ముట్టుకున్నానని అమ్మతో చెప్పుకుని మురిసిపోయాడు. ఆ పిల్లవాడే వైకోం ముహమ్మద్ బషీర్, మలయాళీలు ప్రేమగా 'బేపూర్ సుల్తాన్' అని పిలుచుకున్న రచయిత. పుట్టింది 1908లో, వైకోం దగ్గరి తలయోలపరంబులో.

1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం ఇల్లు వదిలి కోళికోడ్ చేరాడు. లాఠీదెబ్బలు తిన్నాడు, కణ్ణూరు జైలుకెళ్లాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశదిమ్మరి. వంటవాడిగా, కాపలాదారుగా, పళ్లమ్మేవాడిగా, చేతులు చూసి జాతకం చెప్పేవాడిగా బతికాడు. సాధువులతోనూ సూఫీలతోనూ తిరిగాడు.

'అమ్మ' అనే రచనలో ఆయన చెప్పిన ఒక రాత్రి సంగతి చదివితే గొంతు పట్టేస్తుంది. ఎన్నాళ్లకో అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరితే, అమ్మ దీపం వెలిగించి, ఏమైనా తిన్నావా అని అడిగి అన్నం పెట్టింది. నేనీరోజు వస్తానని నీకెలా తెలిసిందని ఆశ్చర్యపోయాడు. ఆమెకేం తెలియదు. ప్రతి రాత్రీ కొడుకు కోసం అన్నం, కూర వండి కాచుకుని కూర్చుంటోంది. స్వాతంత్ర్య పోరాటం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఇంట్లో మిగిలిపోయిన తల్లుల సంగతి ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఆయన రాతలు చూసి, బడిపంతులైన తమ్ముడు ఇందులో కర్త ఏది, క్రియ ఏది అని నిలదీశాడట. బషీర్ మండిపడ్డాడు. ఇంట్లో అమ్మ, చెల్లెళ్లు మాట్లాడుకునే మాటనే ఆయన కాగితం మీద పెట్టాడు. మలయాళ వచనానికి అంతకంటే పెద్ద మేలు చేసినవాళ్లు నాకు కనబడరు.

'బాల్యకాలసఖి' (1944) నవలలో కథానాయకుడు మజీద్‌ని ఒకటీ ఒకటీ ఎంతని అడిగితే, కాస్త పెద్ద ఒకటి అంటాడు. రెండు ఏర్లు కలిస్తే ఒక పెద్ద ఏరే కదా అవుతుంది!

జైల్లో రాసిన 'ప్రేమలేఖనం'లో కేశవన్ నాయర్, సారమ్మలది వేరు వేరు మతాలు. పుట్టబోయే బిడ్డకు ఏ మతం పేరూ వద్దనుకుని, చీటీలు తీసి 'ఆకాశమిఠాయి' అని ఖాయం చేస్తారు. ఆ చిన్న పుస్తకాన్ని తిరువితాంకూర్ సంస్థాన ప్రభుత్వం నిషేధించింది.

1951 నాటి 'మా తాతకో ఏనుగుండేది' నవలలో తల్లి తన తండ్రిగారి ఏనుగు గొప్పలు చెప్పుకుంటూనే ఉంటుంది. చివర్లో పిల్లలు అది 'కుళియాన' అని తేల్చేస్తారు. మలయాళంలో ఆన అంటే ఏనుగు, కుళి అంటే గుంత. ఇసుకలో గుంత చేసుకుని చీమల కోసం పొంచి ఉండే చిన్న పురుగు పేరది. పాత గొప్పలకు ఇంతకన్నా సున్నితమైన చురక ఉంటుందా?

'పాత్తుమ్మ మేక' (1959)లో చెల్లెలు పాత్తుమ్మ మేక ఆయన పుస్తకాలనే నమిలేస్తుంది. తర్వాత దుప్పటి మీదికి పోతే, పుస్తకాలకైతే వేరే ప్రతులున్నాయి, దుప్పటికి లేవు తల్లీ అని బతిమాలుకుంటాడు. తర్వాత స్థిరపడ్డ బేపూర్‌లో, తన ఇంటి తోటలో గబ్బిలాలు కొబ్బరిబొండాలు తినేస్తున్నా, వాటికీ ఈ భూమిలో వాటా ఉందని వాదించి 'భూమికి వారసులు' అనే కథ రాశాడు.

ఆయన నవలిక పేరు 'మతిలుకళ్' అంటే గోడలు. జైలు గోడకు అటువైపు నారాయణి, ఇటువైపు బషీర్. మాటలే తప్ప చూపుల్లేని ప్రేమ. 1990లో అడూర్ గోపాలకృష్ణన్ దాన్ని సినిమా తీసినప్పుడు నారాయణి ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు. వినిపించేది నటి కేపీఏసీ లలిత గొంతు మాత్రమే. బషీర్‌గా నటించిన మమ్ముట్టికి జాతీయ అవార్డు వచ్చింది.

చివరి రోజులు బేపూర్‌లో, భార్య ఫాబీతో గడిచాయి. ఇంటి ముందు మాంగోస్టీన్ చెట్టు కింద పడక్కుర్చీ, గ్రామఫోన్‌లో సైగల్ పాట, వచ్చేపోయే జనం. 1994 జులై 5న కన్నుమూశారు. ఏటా ఆ రోజున కేరళ బడుల్లో పిల్లలు పాత్తుమ్మలుగా, మజీద్‌లుగా వేషాలు కడతారు.

మీరింకా బషీర్‌ని చదవకపోతే 'బాల్యకాలసఖి'తో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది.