అంగుళానికి ఆరడుగులు

బొమ్మ అనగానే పిల్లల ఆటవస్తువని తీసివేయటం మనకు అలవాటు. కాని కొలతకు లోబడిన బొమ్మ వేరు. దానిని నమూనా అంటాము. అది ఆడించటానికి గాక తెలియజెప్పటానికి పుట్టినది. మొన్న వేసవి సెలవులలో గుంటూరులోని మా ఇంటి వసారాలో అటువంటి నమూనా ఒకటి తయారయినది. చేసినవాడు తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మేనల్లుడు. దిద్దినది మాత్రం మా అమ్మ.

అది చేతక్ అనే సైనిక హెలికాప్టరు నమూనా. ఫ్రాన్సులో 1959లో తొలిసారి ఎగిరిన అలూయెట్-3 అనే యంత్రాన్ని, 1962 నాటి ఒప్పందం ననుసరించి బెంగుళూరులోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు మన దేశంలో తయారుచేశారు. రాణా ప్రతాపుని గుర్రం పేరు దానికి పెట్టారు. పైలటుతో సహా ఏడుగురు అందులో కూర్చోవచ్చును. ఆసనాలు తొలగిస్తే రెండు స్ట్రెచర్లు పడతాయి.

పెట్టె విప్పగా, చట్రాలకు అంటుకొని ఉన్న ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి. పెట్టెమీద 1/72 అని ఉన్నది.

“మామయ్యా, ఇదేమి లెక్క?” అన్నాడు పిల్లవాడు.

“ఆరడుగులకు ఎన్ని అంగుళాలురా?”

“డెబ్బయి రెండు.” అని, ఒక్క క్షణం ఆగి, “అయితే ఆరడుగుల మనిషి ఇందులో అంగుళమే!” అన్నాడు.

అసలు యంత్రం నెత్తిన తిరిగే రెక్కల చక్రానికి వ్యాసం 11.02 మీటర్లు. డెబ్బయి రెండు చేత భాగిస్తే 15.3 సెంటీమీటర్లు. వాడు స్కేలు పెట్టి కొలిచి చూచుకొని సంతోషించినాడు. నిష్పత్తి పాఠం నల్లబల్లమీద ఎంత చెప్పినా, చేతిలో కొలిచి చూచినప్పుడు పట్టినట్లు పట్టదని ఉపాధ్యాయులకు నేను చెప్పనవసరం లేదు.

మన కొండపల్లి బొమ్మలలో తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన అవయవాలను చింతగింజల మక్కుతో అతుకుతారు. ఇక్కడి పద్ధతి వేరు. ఈ జిగురు ప్లాస్టిక్ అంచులను కరిగించి, రెంటినీ ఒక్కటి చేస్తుంది. ఒకసారి తప్పు అతికితే కోయవలసినదే. చేతక్ ముక్కంతా అద్దమే గనుక, జిగురంటిన వ్రేలు తగిలిందా, ఆ మచ్చ పోదు. తోక బరువుకు నమూనా వెనుకకు ఒరగకుండా ముందు భాగంలో బరువు పెట్టవలసి వచ్చింది. అద్దంలోనుంచి కనబడకుండా సీసపు ముక్కలను నేలబల్ల క్రింద దాచినాడు. రంగు వేసిన నాడు, మిరపకాయల బస్తాలతో యార్డుకు పోయే లారీల దుమ్ము తడి రంగుమీద వాలకుండా గంప బోర్లించినాడు.

తోకవద్ద చిన్న రెక్కలెందుకో కూడ అప్పుడే బోధపడింది. పై రెక్కలు ఒక వైపు తిరిగితే, వాటిని త్రిప్పే శరీరం రెండవ వైపు తిరగబోతుంది. తోక రెక్కలు దానిని నిలిపి ఉంచుతాయి. పై రెక్కలు ఆగి ఉన్నప్పుడు తమ బరువుకు కొంచెం వంగి, వేగంగా తిరిగేటప్పుడు నిటారవుతాయి. అందుకని నేలమీద నిలిచే నమూనాకు రెక్కలను మెల్లగా క్రిందికి వంచినాడు.

ఇక మిగిలినవి టాంకులను కొట్టే క్షిపణులు. వాటిని ప్రక్కల అమర్చటమే వానికి అన్నిటికంటె ఇష్టమైన పని. ఆ సమయానికి మా అమ్మ వచ్చి కూర్చున్నది. నమూనాను అటూ ఇటూ త్రిప్పి చూచి, “తలుపేదిరా?” అన్నది.

“అదుగో అమ్మమ్మా, గీత. మూసి అంటించాను.”

“మూసిన తలుపులోనుంచి అన్నం ఎట్లా వేస్తారురా?”

పిల్లవానికి అర్థం కాలేదు. నాకు అయింది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను ఉప్పెన దివిసీమనూ, రేపల్లె తీరాన్నీ ముంచివేసి, పదివేలమందికి పైగా ప్రాణాలు తీసుకున్నది. ఆ తీరంలోనే మా ఊరు. నేనప్పుడు ఆరేడేండ్ల వాడను. బావులు ఉప్పుకట్టి, దారులు తెగి ఉన్న ఆ రోజులలో ఆకాశంనుంచి చప్పుడు వినబడింది. తెరిచిన తలుపు దగ్గర ఒక మనిషి వంగి, పొట్లాల మూటలు జారవిడిచినాడు. ఆ వచ్చిన యంత్రం ఏ రకమో మా అమ్మకు అక్కరలేదు. ఆమెకు గుర్తున్నది తలుపు, వంగిన మనిషి.

ఈ కథ విన్నాక పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు బ్లేడు తీసుకొని, కరిగి ఒక్కటైన ఆ తలుపును కోయ మొదలుపెట్టినాడు. రెండు రోజులు పట్టింది. ప్రక్క అద్దంమీద ఒక గీత పడ్డది. ఎంత రుద్దినా పోలేదు. తరువాత చీపురు పుల్లలు రెండు, పాత పంచె పీలిక ఒకటి తెచ్చి, అంగుళం పొడుగున స్ట్రెచరు చేసి లోపల పెట్టినాడు. క్షిపణులు పెట్టెలోనే ఉండిపోయినవి. అది యుద్ధయంత్రం కాదని మేము దాచలేదు. వంటికి వేసిన రంగు సైన్యపు రంగే. కాని ఒక యంత్రాన్ని యథాతథంగా చూపటమంటే అది మోయగలిగిన ఆయుధాలనేగాక, మోసిన మనుషులనూ చూపటమని వాడు గ్రహించినాడు. ఏ పాఠ్యగ్రంథంలోనూ ఈ కొలత లేదు.

పూర్తి అయిన నమూనాను అమ్మ చేతిలో పెట్టినాము. ఆమె వ్రేలితో తలుపు సందు తడిమి, “ఎంతమంది పడతారురా ఇందులో?” అన్నది.

“ఏడుగురు, అమ్మమ్మా.”

“అంతేనా?” అని, కొంతసేపటికి, “అయితే పాపం, చాలాసార్లు తిరగాలి” అన్నది.