పిల్లలు ఎదిగేలోగా గోలును కాచుకొనేదెలా?

పెద్ద తరగతుల ఆటగాళ్లు ఒక్కసారిగా వెళ్లిపోవడం పాఠశాల హాకీ జట్లకు ఏటా తప్పని కష్టం. పదవ తరగతి పరీక్షలు ముగియగానే టేకల్ వంటి ఊళ్లలోని పెద్ద పిల్లలు పై చదువులకని మాలూరుకో, బంగారుపేటకో, కోలారుకో రైలో బస్సో ఎక్కుతారు. జూన్‌లో మైదానంలో మిగిలేది ఎనిమిదో తరగతి పిల్లలు. వారిలో ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్లు కాగలరని చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. అయితే అందుకు రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ ప్రతి పోటీలో అరడజను గోల్స్ ఇచ్చుకొని ఇంటికి వస్తుంటే పిల్లలే ఆట మానుకొంటారు. వారు మానకపోతే ఇంట్లోని పెద్దలు మాన్పిస్తారు. కనుక ఎదుగుతున్న జట్టుకు తొలి అవసరం గోల్స్ చేయడం కాదు, ఇవ్వకుండా ఉండడం.

ఈ చిక్కు దేశపు జట్టుకు సైతం ఎదురైనదే. 36 సంవత్సరాల విరామం తర్వాత 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత మహిళల హాకీ జట్టు పన్నెండు జట్లలో చిట్టచివరి స్థానంలో నిలిచింది. అయిదు ఆటలలో 19 గోల్స్ ఇచ్చింది. ఆస్ట్రేలియా ఆరు, అర్జెంటీనా అయిదు కొట్టాయి. అదే జట్టు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది. అక్కడ ఎనిమిది ఆటలలో ఇచ్చినవి 20 గోల్స్. అనగా ఆటకు సగటున 3.8 నుంచి 2.5కు తగ్గినట్లు. ఆ 20లోనూ 11 మొదటి మూడు ఓటములలో వచ్చినవే. తక్కిన అయిదు ఆటలలో తొమ్మిదే.

ఈ మార్పునకు కొత్త పిల్లలే కారణమని చాలామంది అనుకొంటారు. నిజానికి పిల్లల రాక సగం కథ మాత్రమే. 2018లో బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన బాలికల జట్టు నాయకురాలు సలీమా టేటే, ఆ జట్టులోనే ఆడిన లాల్‌రెమ్‌సియామీ టోక్యో నాటికి పెద్ద జట్టులోకి వచ్చారు. అయితే వారిని ఎక్కడ నిలిపారన్నది గమనించవలసిన విషయం. సలీమాది మధ్య పంక్తి, లాల్‌రెమ్‌సియామీది ముందు పంక్తి. వెనుక పంక్తిలో దీప్ గ్రేస్ ఎక్కా, నిక్కీ ప్రధాన్ ఉన్నారు. ఇద్దరూ రియోలో దెబ్బ తిన్నవారే. వారికి తోడుగా గుర్జీత్ కౌర్, మరియు ఫార్వర్డ్‌గా ఆట మొదలుపెట్టిన ఉదిత. శిక్షకుడు శోయెర్డ్ మరీన్ హయాంలో ఉదిత వెనుకకు మారి డిఫెండర్ అయింది.

ఇందులోని తర్కం సులభమైనది. ముందు పంక్తిలో కుర్ర ఆటగాడు బంతిని పోగొట్టుకొంటే ఇంకా డెబ్బై గజాల మైదానం, ఏడెనిమిది మంది తోటివారు అడ్డుగా ఉంటారు. వెనుక పంక్తిలో అదే తప్పు జరిగితే నేరుగా గోలే. కనుక తప్పులు చేసి నేర్చుకొనే వయసు పిల్లలకు ముందు చోటు, తప్పులు చేసి నేర్చినవారికి వెనుక చోటు. మన పాఠశాలలలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చురుకైన పెద్ద పిల్లలందరూ గోల్ కొట్టేవారిగా ముందుకు పోతారు; బక్కపలుచని కొత్తవాడిని ‘నువ్వు వెనకాల నిలబడు’ అంటారు.

టోక్యో క్వార్టర్ ఫైనల్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 2021 ఆగస్టు 2న ఆస్ట్రేలియాపై గుర్జీత్ పెనాల్టీ కార్నర్ ద్వారా 22వ నిమిషంలో గోల్ చేసింది. తక్కిన సమయమంతా ఆ ఒక్క గోలును కాచుకోవడమే. ఆస్ట్రేలియాకు ఏడు పెనాల్టీ కార్నర్లు దక్కినా ఒక్కటీ గోలు కాలేదు. ఆట 1–0తో ముగిసింది.

పెనాల్టీ కార్నర్‌ను అడ్డుకొనే పని చూడడానికి గందరగోళంగా కనబడినా కచ్చితమైన పని విభజన గలది. గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే గోల్ గీత వెనుక నిలవాలి. తక్కినవారు మధ్య గీత అవతల ఉంటారు. బంతి కదలగానే ఒకరు కొట్టబోయేవారి మీదికి సూటిగా పరుగెత్తి దారి మూస్తారు. ఒకరు ఆ పరుగెత్తినవారికి కొంచెం వెనుకగా పక్క దారిని కాస్తారు. తక్కినవారు గోల్ స్తంభాల వద్ద, గోల్‌కీపర్‌ను తప్పించుకొని వచ్చే బంతి కోసం ఉంటారు. ఎవరిది ఏ చోటన్నది ముందే నిర్ణయమై, అలవాటై ఉండాలి. అప్పటికప్పుడు ‘నువ్వు పో, నేను పోతాను’ అనుకొనే వ్యవధి ఉండదు. ముఖానికి మాస్కు, మోకాలికి రక్షణ లేకుండా పిల్లలను ఈ పనికి నిలపరాదు. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు మొహమాటపడకుండా పాఠశాలను అడగవచ్చును.

అంతకంటె మేలైన మార్గం పెనాల్టీ కార్నర్ ఇవ్వకపోవడమే. ‘డి’ వలయంలో బంతి కాలికి తగిలినా, ఎదుటివారి కర్రను కొట్టినా కార్నర్ పోతుంది. కనుక వలయంలో దూకుడుగా కర్ర విసరరాదు. ఎదుటివారిని పక్క గీత వైపు నెడుతూ, కర్రను నేలకు ఆనించి, అవకాశం కోసం ఓపికగా కాచుకోవాలి. రాళ్లు తేలిన మన మైదానాలలో బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేము. కర్రను దాదాపు పడుకోబెట్టి ఆపడం అలవాటు చేస్తే సగం ప్రమాదం తగ్గుతుంది. దొరికిన బంతిని గోలు ముందుగా అడ్డంగా కొట్టక, పక్క గీత వైపు పంపాలి. అందంగా ఉండదు, అయినా గోలు మిగులుతుంది.

ఇక గోల్‌కీపర్. అటు ఆస్ట్రేలియాను ఆపిన సవితా పునియా, రియోలో 19 గోల్స్ చూసిన సవితా పునియా ఒక్కరే. ఆ అయిదేళ్లలో ఆమెను మార్చివేయలేదు. ఆమె వెనుక రెండో గోల్‌కీపర్‌గా ఉన్నది మనకు పొరుగు బిడ్డ: అప్పటి చిత్తూరు జిల్లా యెర్రవారిపాలెం మండలానికి చెందిన ఇటిమరపు రజని. రియోకు వెళ్లింది రిజర్వుగా. టోక్యోకు వెళ్లింది కూడా రిజర్వుగానే. 2018 జకార్తా ఆసియా క్రీడలలో రజతం సాధించిన జట్టులో సవితతో పాటు ఆమె ఉన్నది. గోల్‌కీపర్ స్థానం ఒక్కటే కనుక రెండోవారి నిరీక్షణ ఎంత దీర్ఘమో ఊహించవచ్చును. అయినప్పటికీ ఆ నిరీక్షణ వృథా పోలేదు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో మహిళల జట్టుకు రజనియే నాయకురాలు. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతం తెచ్చింది.

రక్షణ పంక్తి ఒకసారి గట్టిపడితే ఎల్లకాలం అలాగే ఉంటుందనుకోరాదు. 2024 జనవరిలోనే రాంచీలో జరిగిన అర్హత పోటీలలో మహిళల పెద్ద జట్టు సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలోను, మూడో స్థానపు ఆటలో జపాన్ చేతిలోను ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమైంది. తరం మారిన ప్రతిసారీ పని మళ్లీ మొదటి నుంచే.

ఈ సంవత్సరం జట్టు కడుతున్న గ్రామీణ పాఠశాలలు చేయదగినది ఖర్చుతో కూడినదేమీ కాదు, గోల్‌కీపర్ సామగ్రి తప్ప. హెల్మెట్, గొంతు రక్షణ, ఛాతీ కవచం, కాళ్ల ప్యాడ్లు, కిక్కర్లు, చేతి తొడుగులు ఒక కుటుంబం కొనగలిగినవి కావు. అవి పాఠశాల ఆస్తిగా ఉండి ఇద్దరు గోల్‌కీపర్లు పంచుకొనేటట్లు కొలత చూసి తీసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు తొమ్మిదో తరగతి, ఒకరు ఏడో తరగతి అయితే పెద్దవారు వెళ్లిపోయే జూన్‌లో ప్యాడ్లు కట్టుకోవడానికి ఒకరు సిద్ధంగా ఉంటారు.