కండ నుంచి కేన్సర్ దాకా: యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఆరోగ్యం పాడై తండ్రి ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ళప్పుడు సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లు విడిచారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్ళింది, సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్ళయింది. చదువు ఖర్చుకు మామగారు ఆసరా అయ్యారు.

అవి గాంధీ పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆంగ్లేయ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య శాఖలో చోటు దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే పనిలో చేరారు.

1921లో ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. ఇది పేగులకు సోకుతుంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పటి వైద్యుల దగ్గర దీనికి నమ్మకమైన మందు లేదు. తర్వాత పాతికేళ్ళ పాటు సుబ్బారావు ఏ పరిశోధన చేసినా, రక్తహీనత అనే ప్రశ్న దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావడం కనిపిస్తుంది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో అమెరికా ప్రయాణం కుదిరింది. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో చేరారు. మద్రాసు పట్టాకు అక్కడ పెద్ద విలువ లేదు, ఇంటర్న్‌షిప్ దొరకలేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. డిప్లొమా చేతికొచ్చాక హార్వర్డ్ మెడికల్ స్కూల్లోనే జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర కుదురుకున్నారు. పేరు తెచ్చిన పరిశోధన అక్కడే మొదలైంది.

శరీరంలో ఎముకల నుంచి మెదడు దాకా భాస్వరం లేని చోటు లేదు. రక్తంలోనూ మూత్రంలోనూ అది ఎంత ఉందో తెలిస్తే ఎన్నో వ్యాధుల ఆనవాళ్ళు దొరుకుతాయి. కానీ 1920ల్లో దాన్ని కొలవడం పెద్ద తతంగం, ఫలితం మీద భరోసా కూడా తక్కువే. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఈ పనిని తేలిక చేసింది. పరీక్షించాల్సిన ద్రవానికి ఆమ్లంలో కరిగించిన మాలిబ్డేట్ కలుపుతారు. అందులో ఫాస్ఫేట్ ఉంటే రెండూ జతకడతాయి. తర్వాత వారు ఎంచుకున్న క్షయకరణ ద్రావణాన్ని కొద్దిగా వేస్తే గొట్టంలో నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎక్కువైన కొద్దీ నీలం ముదురుతుంది. ముందే బలం తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. జీవరసాయన శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో అత్యధికంగా పేర్కొన్న పత్రాల్లో ఇదొకటి. ఇప్పటికీ విద్యార్థులకు ప్రయోగశాలలో ఈ పద్ధతిని నేర్పుతున్నారు.

ఈ నీలిరంగే తర్వాతి ఆవిష్కరణకు దారి చూపింది. కండరం నుంచి తీసిన రసంలో భాస్వరం కొలుస్తుంటే రంగు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ వచ్చింది. మరొకరైతే మందులు పాతబడ్డాయనో, చెయ్యి తప్పిందనో అనుకుని ఆ గొట్టాన్ని కడిగేసి ఉండేవారు. ఫిస్కే, సుబ్బారావు మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో తేలిగ్గా విడిపోయే భాస్వర సమ్మేళనం ఒకటి ఉంది. పరీక్షకు వాడే ఆమ్లంలోనే అది నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతోంది, అందుకే రంగు ఆలస్యంగా పెరుగుతోంది. ఆ సమ్మేళనం ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని పని చేయిస్తే అది తరుగుతుందనీ, విశ్రాంతి ఇస్తే మళ్ళీ ఏర్పడుతుందనీ చూపించి 1927లో ప్రకటించారు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిన ఈ సమ్మేళనం ఉనికిని పట్టుకున్నారు.

కండరం ముడుచుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడడంలో నుంచే వస్తుందని అప్పటిదాకా శాస్త్రవేత్తల నమ్మకం. కండరం మీద చేసిన పరిశోధనలకే 1922 నోబెల్ బహుమతిని ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మయర్‌హోఫ్‌లకు ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం సడలింది. లాక్టిక్ ఆమ్లం అసలే తయారుకాని కండరం కూడా ముడుచుకోగలదని 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ రుజువు చేయడంతో సిద్ధాంతాన్నే తిరగరాయాల్సి వచ్చింది.

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి మరో భాస్వర సమ్మేళనాన్ని వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పాఠ్యపుస్తకాల్లో ఏటీపీ. జర్మనీలో మయర్‌హోఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు దాన్ని కనుగొన్నారు. జీవకణాలు శక్తిని ఖర్చుపెట్టేది ప్రధానంగా ఏటీపీ రూపంలోనే అన్న విషయం స్పష్టపడడానికి ఇంకో పదేళ్ళకు పైగా పట్టింది. గుండె కొట్టుకోవాలన్నా, చెయ్యి ఎత్తాలన్నా, మెదడు ఆలోచించాలన్నా ఏటీపీ విరగాల్సిందే. మనిషి శరీరంలో ఏ క్షణాన చూసినా అది కొద్దిపాటే ఉంటుంది. కానీ విరుగుతూ మళ్ళీ తయారవుతూ రోజు మొత్తం మీద చేతులు మారే ఏటీపీ మనిషి బరువుకు దాదాపు సమానం.

ఇంత జరిగినా హార్వర్డ్‌లో సుబ్బారావు స్థానం బలపడలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, శాశ్వతమైన ఉద్యోగం మాత్రం రాలేదు. తర్వాతి పదేళ్ళలో ఆయన దృష్టి కాలేయం మీదికి మళ్ళింది. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే గుణం కనిపిస్తుందని అప్పటికే తెలుసు. అందులో పనిచేసే పదార్థం ఏదో ఎవరికీ తెలియదు. దాన్ని వేరుచేయాలంటే విశ్వవిద్యాలయం బల్ల మీది గాజు గొట్టాలు చాలవు, టన్నుల కొద్దీ ముడిసరుకు కావాలి. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. రెండేళ్ళలో పరిశోధన విభాగం మొత్తానికి అధిపతి అయ్యారు.

ఇక్కడి నుంచి ఆయన పని తీరు మారింది. హార్వర్డ్‌లో తన చేత్తో గొట్టాలు పట్టుకున్న మనిషి లెడర్లీలో రసాయన శాస్త్రవేత్తలనూ, సూక్ష్మజీవుల నిపుణులనూ, వైద్యులనూ ఒక ప్రశ్న చుట్టూ కూర్చోబెట్టే పని చేపట్టారు. తెలుగులో ఆయన గురించి రాసేటప్పుడు ఈ మందులన్నీ ఒక్కడే కనిపెట్టినట్టు చెప్పడం పరిపాటి. అది ఆయనతో పనిచేసినవారికి న్యాయం కాదు, ఆయనకూ న్యాయం కాదు. ఏ ప్రశ్న వెతకదగ్గదో ఎంచుకుని, దానికి తగిన మనుషుల్ని కూర్చి, ఫలితం తేలేదాకా వదలకుండా నడిపించడంలోనే ఆయన అసలు గొప్పతనం ఉంది.

ఫోలిక్ ఆమ్లం కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణులను పీడించే రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపించారు. ఈస్టులో, కాలేయంలో, ఆకుకూరల్లో ఉన్న ఆ పదార్థాన్ని 1940ల్లో అనేకమంది వెతుకుతున్నారు. టన్నుల పాలకూర నుంచి దాన్ని సాంద్రీకరించిన టెక్సాస్ పరిశోధకులు దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లీ పరిశోధకుడు స్టోక్‌స్టాడ్ దాన్ని శుద్ధరూపంలో రాబట్టారు. సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసి, 1945లో ప్రకటించింది. ఫోలిక్ ఆమ్లం కోసం కాలేయం మీద ఆధారపడే అవసరం తీరిపోయింది. మాత్ర చవకైంది. సుబ్బారావు సోదరుల్ని పొట్టనబెట్టుకున్న స్ప్రూకు కూడా అది పనిచేసింది. ఈ రోజు ఊళ్ళో గర్భిణికి ఆశా కార్యకర్త చేతికిచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

అయితే ఆయన మొదట వెతికినది దొరకలేదు. ప్రాణాంతక రక్తహీనతకు అసలు మందు విటమిన్ బి12 అని 1948లో తేలింది. ఆ ఘనత అమెరికాలో మెర్క్ కంపెనీకీ, ఇంగ్లండులో గ్లాక్సో శాస్త్రవేత్తలకూ దక్కింది.

ఫోలిక్ ఆమ్లం మరో తలుపు తెరిచింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా, అంటే రక్త కేన్సర్, సోకిన పిల్లలకు లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. కేన్సర్ కణం చీలి పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి కాబట్టి, దాన్ని అందకుండా చేస్తే కణం నిలిచిపోతుందన్న ఆలోచన అక్కడ బలపడింది. కణాన్ని మోసగించాలంటే చూడడానికి ఫోలిక్ ఆమ్లంలా ఉండి, దాని పని చేయని పదార్థం కావాలి. సుబ్బారావు బృందం అలాంటివి వరసగా తయారుచేసి బోస్టన్‌కు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఫలించింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన నివేదికలో తీవ్ర లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలున్నారు. వారిలో 10 మందికి రక్తంలో, ఎముక మూలుగలో మార్పు కనిపించింది, కొందరు లేచి ఆడుకునే స్థితికి వచ్చారు. ఆ ఊరట నెలలు మాత్రమే నిలిచింది, వ్యాధి తిరగబెట్టింది. అయినా ఒక రసాయనం లుకేమియాను వెనక్కి నెట్టగలదని అంతకుముందు ఎవరూ అంత నిస్సందేహంగా చూపలేదు. అదే కుదురుకు చెందిన మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలోనే పుట్టింది. అమినోప్టెరిన్ కంటే వాడకానికి అనువైనది కావడంతో అది దాని స్థానాన్ని ఆక్రమించింది. పిల్లల లుకేమియా చికిత్సలో ఇతర మందులతో కలిపి ఇప్పటికీ ఇస్తున్నారు. చిన్న మోతాదులో కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కూ వైద్యులు రాసేదీ అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దోమకాటుతో ఒంట్లో చేరే పురుగుల వల్ల వచ్చే ఈ వ్యాధి ముదిరితే బోదకాలు అవుతుంది. గోదావరి జిల్లాల్లో పుట్టిన సుబ్బారావుకు దీని గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాపెక్కి బండబారిన కాళ్ళతో నడిచేవారు ఆ ప్రాంతంలో వీధి వీధినా కనిపించేవారు. లెడర్లీలో వందల పదార్థాలను ఎలుకల ఒంట్లోని ఫైలేరియా పురుగుల మీద పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజీన్‌ను వెలికితీశారు. మార్కెట్లో దాని పేరు హెట్రజాన్. నోటితో మింగే మాత్ర, రక్తంలో తిరిగే పిల్ల పురుగులను త్వరగా తుడిచేస్తుంది. అప్పటికే ఉబ్బి బండబారిన కాలిని మామూలు చేయలేదు కానీ, రోగం ఇంకొకరికి పాకకుండా ఆపుతుంది. ఈనాటికీ ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఇదే.

అదే కాలంలో మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి కొత్త యాంటీబయాటిక్ కోసం లెడర్లీ వెతుకుతోంది. పెన్సిలిన్ కొన్ని రకాల క్రిముల మీదే పనిచేసేది. ఈ వెతుకులాట బాధ్యత బెంజమిన్ డగ్గర్‌ది. విశ్వవిద్యాలయం నుంచి విరమణ పొందిన వృక్షశాస్త్రవేత్త, డెబ్బై దాటిన మనిషి. అనేక చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాల్లో, మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలో తీసిన మట్టి నుంచి బంగారు రంగు పదార్థాన్ని స్రవించే జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948 జులైలో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ వంటి జ్వరాల మీద కూడా ఇది పనిచేసింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మందుల దుకాణాలకు పరుగెత్తింది ఈ కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్ కోసమే.

ఆరియోమైసిన్ ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. బోస్టన్ ఓడ ఎక్కాక ఆయన మళ్ళీ స్వదేశంలో అడుగు పెట్టలేదు, శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వల్ల చాలా ఏళ్ళు ఆయన విదేశీయుడిగానే ఉన్నారు. 1946లో చట్టం మారినా పౌరసత్వం తీసుకోలేదు.

ఆయన పేరు ఎందుకు వెనకబడిందో చెప్పడానికి రకరకాల కారణాలు వినిపిస్తాయి. హార్వర్డ్‌లో ఫిస్కే కింద పనిచేసినవాళ్ళలో జార్జ్ హిచింగ్స్ ఒకరు. తర్వాతి కాలంలో నోబెల్ గ్రహీత అయిన ఆయన, సుబ్బారావు కృషి కొంత ఫిస్కే అసూయ వల్లే వెలుగు చూడలేదని చెప్పారు. కంపెనీ పరిశోధనల్లో పత్రాలు ప్రయోగం చేసినవారి పేర్లతో వెలువడడం మరో కారణం. అధిపతి తన పేరు చేర్చుకోవాలని పట్టుబట్టకపోతే పాఠకుడికి ఆయన కనిపించరు. సుబ్బారావు పట్టుబట్టే మనిషి కాదు. 1953లో లెడర్లీ సహచరులు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఆయన పని నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డైఇథైల్ కార్బమజీన్ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో ఉన్నాయి.