చెరలోనూ తోట నాటండి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై తనకల్లులో మా మందిరం మూతపడింది. విశ్వాసుల ఇళ్లలో జబ్బు భయం, కూలి లేని దిగులు. ఫోనులో వారికోసం ప్రార్థించాక మాకే నిద్ర పట్టేది కాదు.

ఒక సాయంత్రం పెరట్లో ఎండిపోతున్న మల్లెపొదకు పాదు తీశాం. పక్కనే వంగనారు పెట్టాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం కరవు నేల ఇది. మాటిమాటికీ చేతులు కడిగిన నీళ్లనే పాదులకు మళ్లించాం. ఏప్రిల్ 12, ఈస్టర్. ఆరాధన లేని ఆ ఉదయం పొదకు నాలుగు మొగ్గలు కనబడ్డాయి.

బబులోను చెరలోని యూదులకు త్వరలోనే విడుదలని అబద్ధ ప్రవక్తలు చెప్పారు. దేవుడు మాత్రం 70 ఏళ్లు పడుతుందని, అక్కడే తోటలు నాటుకొమ్మని యిర్మీయా చేత ఉత్తరం రాయించాడు (యిర్మీయా 29). కష్టం తీరాక కాదు, కష్టంలోనే నాటమన్నాడు.

మల్లె పూసినందుకు మహమ్మారి పోలేదు. 2021లో ఇద్దరు విశ్వాసులను ప్రభువు సన్నిధికి సాగనంపాం. ఆ సాయంత్రాలూ మొక్కలకు నీళ్లు పోశాం, అక్కడే ప్రార్థించాం. మనసు కుదుటపడింది.

ప్రియులారా, మీ చెర ఎన్నాళ్లో మనకు తెలియదు. ఈ వసంతంలో ఒక్క మొక్కైనా నాటండి. నీళ్లు పోయడం మన వంతు, ఎదిగించడం దేవుని వంతు.