కారు ప్రకటనలు (కృష్ణా డెల్టా)

కార్లను అమ్మడం కోసం తయారీదారులు, డీలర్లు పత్రికలు, టెలివిజన్, రేడియో, రహదారి పక్కన ఉండే హోర్డింగుల ద్వారా చేసే ప్రచారాన్ని కారు ప్రకటనలు అంటారు. మంగళగిరి, విజయవాడ, గుంటూరు పట్టణాలు, వాటి చుట్టుపక్కల గ్రామాలలో ఈ ప్రకటనలు చెప్పే విషయాలకు, కారును రోజూ నడిపేవారికి కావలసిన విషయాలకు మధ్యగల తేడాను గురించి ఈ వ్యాసంలో వివరించబడినది. ప్రకటనలు ఎక్కువగా వేగం, రూపం, హోదాలను చూపుతాయి. కొనేవారు మొదట అడిగేది మైలేజీ. ఆ తరువాత మరమ్మతు ఖర్చు, తిరిగి అమ్మితే వచ్చే ధర గురించి అడుగుతారు. ప్రమాదం జరిగితే కారు లోపలివారి గతి ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇరుపక్షాలలోనూ చాలా ఆలస్యంగా వచ్చినది.

నేపథ్యం

1980వ దశకం ఆరంభం వరకు దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లదే రాజ్యం. డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది కనుక తయారీదారులకు ప్రకటనల అవసరం పెద్దగా ఉండేది కాదు. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారును ప్రధాని ఇందిరా గాంధీ చేతులమీదుగా అందజేసారు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగించిన తరువాత విదేశీ కంపెనీలు వరుసగా ప్రవేశించాయి. 1998లో హ్యుందాయ్ శాంట్రో, దేవూ మటిజ్, టాటా ఇండికా మూడూ కొనుగోలుదారుల ముందుకు వచ్చాయి. అప్పటికి ఇక్కడి వారికి తెలియని పేరైన హ్యుందాయ్, హిందీ నటుడు షారుఖ్ ఖాన్‌తో ప్రచారం చేయించింది. సినిమా తారలతో కార్లను అమ్మడం అప్పటినుండి మామూలైంది.

తెలుగు పత్రికలలో ఈ ప్రకటనలకు పంచాంగంతో దగ్గరి సంబంధం ఉంది. ఉగాది, దసరా, దీపావళి ముందు పూర్తి పేజీ ప్రకటనలు వస్తాయి. మూఢంలోను, ఆషాఢంలోను కొత్త బండి ఇంటికి తేవడానికి చాలామంది ఇష్టపడరు. అందువలన ఆషాఢంలో తగ్గింపు ధరల ప్రకటనలు కనిపిస్తాయి. డబ్బు ఆషాఢంలో కట్టి బండిని శ్రావణంలో తెచ్చుకునేవారూ ఉన్నారు. కొత్త కార్లకు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ సన్నిధిలో గాని, మంగళగిరి నరసింహస్వామి సన్నిధిలో గాని పూజ చేయించడం ఆనవాయితీ.

దారులు, అవసరాలు

మంగళగిరి పట్టణం విజయవాడ - గుంటూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై (2010కి పూర్వం 5వ నంబరు) ఉన్నది. రహదారి విశాలమైనది. దానిని వదిలి పల్లెలలోకి వెళ్ళగానే ఇరుకైన కాలువ కట్టలు, వానకు జారే నల్లరేగడి అంచులు, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం ఎదురవుతాయి. ఒకే కారు ఈ రెండు రకాల దారులలోను తిరగాలి. ఐదుగురికని చెప్పిన కారులో ఆరుగురు, ఏడుగురు ఎక్కడం, డిక్కీలో బియ్యం బస్తా వేయడం సాధారణం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏ.సి. ఇక్కడ అవసరమే గాని విలాసం కాదు.

మరమ్మతుల విషయంలో ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ లారీ బాడీల నిర్మాణానికి, విడిభాగాలకు, మెకానిక్కులకు పేరుపొందిన పెద్ద పారిశ్రామికవాడ. మంగళగిరిలో కూడా ఆటోనగర్ కలదు. విడిభాగం చేతికందే ధరలో దొరుకుతుందా, పరిచయమున్న మెకానిక్కు దానిని విప్పగలడా అన్నది తెలుసుకొని కారు ఎంచుకునేవారు చాలామంది. ఈ సమాచారం ఏ ప్రకటనలోనూ ఉండదు. అది నోటిమాటగానే తెలుస్తుంది.

మైలేజీ

"లీటరుకు ఎంత ఇస్తుంది?" అన్న ప్రశ్నను కంపెనీలు కూడా గుర్తించాయి. మారుతి సుజుకి 2010 ప్రాంతంలో ఇదే ప్రశ్నను హిందీలో నినాదంగా మార్చి హాస్య ప్రకటనలు తీసింది. కొనేవారి ప్రశ్న ప్రకటనకు వస్తువుగా మారిన అరుదైన సందర్భమిది.

అయితే ప్రకటనలలో కనిపించే మైలేజీ అంకె రోడ్డుమీద కొలిచినది కాదు. పుణెలోని భారత ఆటోమోటివ్ పరిశోధన సంఘం (ఏఆర్ఏఐ) వంటి సంస్థలలో కారును రోలర్లపై నిలిపి, నిర్ణీత పద్ధతిలో నడిపి కొలుస్తారు. దీర్ఘకాలం అమలులో ఉన్న భారతీయ పరీక్షా చక్రం 1,180 సెకన్లు, అనగా సుమారు 20 నిముషాలు సాగుతుంది. అందులో నడిచే దూరం 11 కిలోమీటర్ల లోపే. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఏ.సి. ఆపి ఉంటుంది. మే నెలలో ఏ.సి. వేసుకొని, నిండా మనుషులతో, బెంజి సర్కిల్ వద్ద ఆగుతూ కదులుతూ వెళ్ళే కారుకు ఆ అంకె రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది అబద్ధపు అంకె అనడం కూడా సరికాదు. అన్ని కార్లకూ ఒకే పరీక్ష జరుగుతుంది గనుక ఒకదానితో మరొకదానిని పోల్చడానికి పనికివస్తుంది. నెలకు అయ్యే పెట్రోలు ఖర్చు లెక్క వేయడానికి మాత్రం పనికిరాదు. ప్రకటనలు ఈ రెండింటి తేడాను చిన్న అక్షరాలకు వదిలివేస్తాయి.

ధర, హోదా

ప్రకటనలో పెద్ద అక్షరాలలో ఉండేది ఎక్స్ షోరూం ధర. దానికి జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్, బీమా కలిస్తే ఆన్‌రోడ్ ధర అవుతుంది. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టవలసి వస్తున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవుగల చిన్న కార్లపై (పెట్రోలు అయితే 1,200 సి.సి. వరకు, డీజిలు అయితే 1,500 సి.సి. వరకు) జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది.

తక్కువ ధర ఒక్కటే చాలదని టాటా నానో చూపింది. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ప్రదర్శనలో లక్ష రూపాయల కారుగా దీనిని ఆవిష్కరించారు. స్కూటరుపై నలుగురు కుటుంబసభ్యులు వెళ్ళడం చూసి ఈ ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. ఆ దృశ్యం కృష్ణా డెల్టాలో ఏ రోడ్డుమీదనైనా కనిపించేదే. అయినా అమ్మకాలు ఆశించినంతగా సాగలేదు. 2018తో ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది. అన్నింటికన్నా చవకైన కారు అన్న ముద్ర వేయడం పొరపాటని రతన్ టాటాయే తరువాత అంగీకరించారు. మొదటిసారి కారు కొనేవారు బంధువుల ఇంటిముందు దానిని ఆపినప్పుడు దక్కే గౌరవాన్ని కూడా కొంటున్నారు. ప్రకటనలలోని హోదా ప్రదర్శన పూర్తిగా కల్పితమనలేము.

భద్రత

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారతదేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు కార్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వాగన్ పోలో కార్లకు పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. అప్పటి ప్రకటనలలో మ్యూజిక్ సిస్టం గురించి ఉన్నంత సమాచారం బాడీ దృఢత్వం గురించి ఉండేది కాదు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కు ఐదు నక్షత్రాలు రావడంతో పరిస్థితి మారింది. నక్షత్రాల సంఖ్య ప్రకటనలలో పెద్ద అక్షరాలకెక్కింది.

అనంతపురం జిల్లా (ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) పెనుకొండ వద్ద తయారై 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన కియా సెల్టోస్‌కు 2020 పరీక్షలో మూడు నక్షత్రాలు వచ్చాయి. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుండి తప్పనిసరి అయినది. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో దేశీయ పరీక్షలు మొదలయ్యాయి. ఈ పరీక్ష స్వచ్ఛందమైనది. నక్షత్రాల ఊసు లేని ప్రకటన కనిపిస్తే ఆ కారు పరీక్షకు వెళ్ళిందో లేదో విడిగా తెలుసుకోవాలి.

నీటిలో కారు

ఎత్తైన ఎస్‌యూవీ కార్ల ప్రకటనలలో కారు నీటిని చిమ్ముకుంటూ వాగు దాటే దృశ్యం తరచుగా ఉంటుంది. కాలువలు, వాగులు నిండిన ఈ ప్రాంతంలో ఈ దృశ్యం ప్రమాదకరమైనది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు మంగళగిరి - గుంటూరు మధ్య కాజ టోల్‌ప్లాజా వద్ద జాతీయ రహదారిపైకి వరద నీరు వచ్చింది. ఆగస్టు 31న మంగళగిరికి పొరుగునే ఉన్న పెదకాకాని మండలం ఉప్పలపాడు వద్ద వాగు దాటబోయిన కారు కొట్టుకుపోయి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు మరణించారు. విజయవాడలో బుడమేరు వరదకు సింగ్ నగర్ తదితర కాలనీలలో వాహనాలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి.

సుమారు ఒక అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును కదిలించగలదు. రెండడుగుల నీరు ఎస్‌యూవీని కూడా తీసుకుపోగలదు. నిలిచిన నీటిలో మరొక సమస్య ఉంది. ఇంజను ఆగినప్పుడు తిరిగి స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి చేరిన నీరు గాలివలె కుదించుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దీనిని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. వరద నష్టం సాధారణ సమగ్ర బీమా పరిధిలోనే ఉన్నా, నీటిలో స్టార్ట్ చేయడం వలన ఇంజనుకు కలిగిన నష్టాన్ని పర్యవసాన నష్టంగా లెక్కించి బీమా కంపెనీలు సాధారణంగా చెల్లించవు. ఇంజను రక్షణకు అదనపు ప్రీమియం కట్టి ఉండాలి. వరద నీటిలో మునిగిన కారును స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ గాని, లాగించుకుంటూ గాని మెకానిక్కు వద్దకు చేర్చడం ఉత్తమం.

నియంత్రణ, ఫిర్యాదులు

ప్రకటనల స్వీయ నియంత్రణకు 1985లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి ఏర్పడింది. ప్రమాదకరమైన డ్రైవింగును ప్రోత్సహించరాదని దీని నియమావళిలో ఉంది. విన్యాసాలు చూపినప్పుడు వాటిని నిపుణులు చేసారని, అనుకరించవద్దని ప్రకటనలో తెలపాలి. టెలివిజన్ తెరపై ఈ హెచ్చరిక చదివేలోపే మాయమవుతుందన్నది పాత విమర్శ.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. తగిన పరిశీలన చేయకుండా ప్రచారం చేసిన తారలకూ ఇది వర్తిస్తుంది. 2022లో సుప్రీంకోర్టు, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా యజమానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఢీకొన్న వేగం, బలాల సిద్ధాంతాలను కొనుగోలుదారు లెక్కించాలని ఆశించరాదని ఆ తీర్పులో పేర్కొన్నది.

కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదును కంపెనీ కార్యాలయం ఉన్నచోటనే కాక ఫిర్యాదుదారు నివసించే జిల్లాలో కూడా దాఖలు చేయవచ్చు. మంగళగిరి నివాసి గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకు రుసుము లేదు. బిల్లులతో పాటు ప్రకటన వచ్చిన పత్రిక పేజీ, షోరూంలో ఇచ్చిన కరపత్రం కూడా సాక్ష్యంగా పనికివస్తాయి.